పచ్చ గుర్తు సీసా

మా పొలం మూలనున్న కుంటని అక్కడివాళ్ళు డబ్రీ అంటారు. పెద్దదేం కాదు. ఎండాకాలంలో అడుగు బురద కనిపిస్తుంది, వానలు పడ్డాక ఈత రాని మనిషి భయపడేంత నిండుతుంది. పై మళ్ళ నీళ్ళన్నీ గట్టు దాటి గట్టు దాటి చివరికి దాన్లోకే చేరతాయి. ఆ డబ్రీలో చేపలు మా పొలం చేసే ఆవిడవి. వరి సగం మాది, సగం వాళ్ళది. చేపల్లో మాకు వాటా లేదు. మొదటి ఏడే ఆవిడ గట్టు మీద నిలబడి ఆ మాట చెప్పేసింది.

"దీదీ, ధాన్ అధియా. మఛరీ మోర్."

ధాన్యం సగం సగం, చేపలు నావి అని. మేం సరేనన్నాం.

ఆవిడ నాకంటే చిన్నది. నన్ను దీదీ అంటుంది, నేను బహినీ అంటాను. ఛత్తీస్‌గఢీలో చెల్లెలని అర్థం. ఆవిడ భర్తని నేనూ మా ఆయనా కూడా భయ్యా అనే పిలుస్తాం. వాళ్ళతో మేం మాట్లాడేది సగం హిందీ, సగం ఛత్తీస్‌గఢీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, ఆ మాటల్లోని విరుపు తెలుగులోకి పూర్తిగా రాదు.

కిందటి ఏడు వానలు మొదలవగానే బహినీ దుర్గ్ నుంచి చేపపిల్లల్ని నీళ్ళసంచిలో తెచ్చింది. ఆ రోజు మేమూ పొలంలోనే ఉన్నాం. సంచి మూతి విప్పగానే వదిలెయ్యకుండా, సంచిని చాలాసేపు కుంట నీళ్ళలో తేలనిచ్చింది.

"కొత్త కోడల్ని గుమ్మంలో కాసేపు నిలబెట్టరా? ఇదీ అంతే" అంది.

ఆ చేపలు ఎవరి కోసమో మాకప్పటికే తెలుసు. ఆవిడ కూతురి పెళ్ళయ్యాక మగపెళ్ళివారికి పెట్టిన విందులో చేపల కూర పెట్టలేకపోయారు. ఊరి చెరువుని ఆ ఏడు ఎవరో వేలంలో పాడుకున్నారు, ఒక్క చేప బయటికి రాలేదు. పప్పూ వడియాల కూరా పెట్టారు. వియ్యపురాలు, వాళ్ళ మాటలో సమధిన్, చెయ్యి కడుక్కుంటూ, "మీ ఇంట పప్పు బాగా ఉడుకుతుందమ్మా, నీళ్ళు మంచివి" అందట. ఆ మాట బహినీ గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు కూతురు కడుపుతో పుట్టింటికి వచ్చింది. దీపావళి దాటాక కాన్పు. బిడ్డ పుట్టిన ఆరో రోజు చేసే ఛట్ఠీకి వియ్యపురాలు తన ఊరి జనంతో వస్తుంది. ఆ రోజు తన కుంటలో పెరిగిన చేపతో ఆ మనిషి నోరు మూయించాలని బహినీ పట్టు. "తిని తిని విసుగెత్తి చెయ్యి అడ్డం పెట్టాలి దీదీ, అప్పుడు గానీ నేను పళ్ళెం తియ్యను" అనేది.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. చదవడం మాత్రం ఆగలేదు. పెళ్ళయి విజయనగరం నుంచి భిలాయి సెక్టర్ 6 క్వార్టర్‌కి వచ్చిన కొత్తలో మా ఆయన సైకిల్ మీద షిఫ్టుకి వెళ్ళిపోతే, నేను తెలుగువాళ్ళు నడుపుకునే లైబ్రరీకి నడిచి వెళ్ళేదాన్ని. ఒకటే గది, గోడ పొడుగునా ఇనప బీరువాలు. నవలలన్నీ అయిపోయాక చరిత్రలు, అవీ అయిపోయాక మిగిలినవి చదివాను. అడుగు అరలో వ్యవసాయం మీద లావుపాటి పుస్తకాలుండేవి. వాటి మీద దుమ్ము నేనే మొదట దులిపాను. తెలుగులో దొరకనిది హిందీ లైబ్రరీకి వెళ్ళి చదవడం కోసం హిందీ చదవడం కూడా నేర్చుకున్నాను. ఏ కాలేజీ మెట్టూ ఎక్కకుండా నేను సంపాదించుకున్నదంతా ఆ బీరువాల్లోదే. దాని గురించి నాకు కాస్త గర్వం ఉంది. ఉండకూడదని నేననుకోను.

మా ఆయన ఉక్కు ప్లాంటులో రైలింజను నడిపేవాడు. ఊరి నుంచి ఊరికి పోయే రైలు కాదు. ప్లాంటు గోడల లోపలే, కరిగిన ఇనుముని పొయ్యి దగ్గర్నుంచి ఉక్కు చేసే షెడ్డుకి మోసుకుపోయే ఇంజను. రిటైరవడానికి కొద్దిగా ముందు శివనాథ్ నదికి అవతల ఈ పొలం తీసుకున్నాం. అప్పుడు నా అడుగు అర పుస్తకాలు పనికొచ్చాయి. వరి పొలంలో సాలీడు ఎంత పని చేస్తుందో నాకు తెలిసింది ఆ అరలోనే. పురుగుల్ని తినే పురుగులు పొలంలో ముందే ఉంటాయి, మందు కొడితే ముందు పోయేవి అవే, తర్వాత తినేవాడు లేక అసలు పురుగు రెట్టింపవుతుంది. ఇది భయ్యాకి చెబితే వింతగా చూశాడు. హరేలీ పండగనాడు వాళ్ళు పొలంలో భేల్వా కొమ్మలు గుచ్చుతారు. అది మన నల్లజీడి చెట్టే. తెగులు రాకుండా అని వాళ్ళ నమ్మకం. ఆ కొమ్మల మీద పసులపోలిగాళ్ళు వాలి పురుగుల్ని ఏరుకు తినడం నేను చూపించాను. "మీ పూజా, నా పుస్తకమూ ఒకే మాట చెబుతున్నాయి భయ్యా" అన్నాను. అది ఆయనకి నచ్చింది. అలా రెండు పంటలు మందు లేకుండా గడిచాయి. దిగుబడి చుట్టుపక్కల వాళ్ళకంటే కాస్త తక్కువే గానీ, డబ్రీ నీళ్ళలో కప్పల అరుపు మా ఒక్క పొలంలోనే వినపడేది.

మూడో పంటకి, ఆ చేపపిల్లల్ని వేసిన ఏడే, వెన్నులు పాలు పోసుకుంటున్నప్పుడు భయ్యా ఫోన్ చేశాడు.

"దీదీ, మాహూ వచ్చేసింది. సాహెబ్‌ని తీసుకుని రండి."

మాహూ అంటే మన వైపు దోమపోటు. మా ఆయన స్కూటర్ తీశాడు. నెహ్రూ నగర్ మీదుగా దుర్గ్ దాటి, నది వంతెన దాటి పొలం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. దూరం నుంచి చూస్తే పొలం పచ్చగానే ఉంది. గట్టు ఎక్కి చూస్తే మధ్యలో పళ్ళెం బోర్లించినట్టు గుండ్రంగా ఎండిపోయిన మచ్చ. దాని పక్కన ఇంకొకటి. దుబ్బు విడదీస్తే, నీళ్ళకి కాస్త పైన, కాడ మొదట్లో గోధుమరంగు పురుగులు ఒకదాని మీద ఒకటి అంటుకుని రసం తాగుతున్నాయి.

"మీ సాలీళ్ళు సెలవు పెట్టినట్టున్నాయి దీదీ" అన్నాడు భయ్యా.

"యూనియన్ పెట్టుకునుంటాయి" అన్నాడు మా ఆయన.

నేను వంగి వెతికాను. సాలీళ్ళు ఉన్నాయి, కానీ ఇంత మందను తినే సంఖ్యలో లేవు. పై పొలాలవాళ్ళు నాట్లు వేసిన దగ్గర్నుంచీ ఏదో ఒకటి కొడుతూనే ఉన్నారు. మొదట కలుపు మందు, తర్వాత కాండం తొలిచే పురుగుకి, తర్వాత దేనికో వాళ్ళకే తెలీదు. అక్కడ సాలీళ్ళు చచ్చి, అక్కడ పెరిగిన మంద గాలివాటున ఇటు దిగింది. పుస్తకంలో చదివింది కళ్ళ ముందు జరుగుతోంది. అదే చెప్పాను.

భయ్యా ఓపిగ్గా విన్నాడు. "అయ్యుండొచ్చు దీదీ. పక్కవాడు కొట్టిన మందుకి నా ధాన్ ఎండాలా మరి?"

మళ్ళలో నీళ్ళు తీసేసి ఆరబెడితే మాహూ తగ్గుతుందని చదివాను. ఆ మాట మీద మడవ తెంచి నీళ్ళన్నీ డబ్రీలోకి వదిలారు. కొన్నాళ్ళు చూశాం. మచ్చలు ఆగలేదు. రెండు పళ్ళేలు కలిసి ఒక చాపంత అయ్యాయి. ఆ ధాన్యంలో వాళ్ళ వాటా వాళ్ళకి ఏడాది తిండి. అమ్ముకోవడానికి మిగలదు, తినడానికి సరిపోతుంది. ఇంక ఆగమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పురుగుమందుల కొట్టు దుర్గ్ రోడ్డు మీద ఉంది. నేనూ, మా ఆయనా, భయ్యా ముగ్గురం వెళ్ళాం. కొట్టాయన బల్ల మీద సీసాలు వరసగా పెట్టాడు. ప్రతి సీసా మీదా మూల మీద నిలబెట్టిన చతురస్రం గుర్తు, దాని కింది సగం ఒక రంగు. ఎరుపు, పసుపు, నీలం, పచ్చ. మా ఆయన మొహం వెలిగింది. ముప్ఫై ఏళ్ళు ఆయన సిగ్నల్ రంగు చూసి ఇంజను కదిలించిన మనిషి.

"ఇంకేటి సూడ్డం? పచ్చది తీసుకో భయ్యా. హరీ ఝండీ. లైన్ క్లియర్" అన్నాడు.

నేను ఆ సీసా డబ్బాలో మడిచి పెట్టిన కాగితం విప్పాను. చీర అంత పొడుగు కాగితం, చీమల బారులాంటి అక్షరాలు, ఎన్నో భాషల్లో. వెతికితే తెలుగు దొరికింది. కొట్టాయన నవ్వాడు. "మేడమ్, ఈ కాగితం విప్పిన మొదటి మనిషి మీరే. నేనూ చదవలేదు."

"ఏటే అంతసేపు? పచ్చది కదా" అన్నాడు మా ఆయన.

"ఆ రంగు మనిషి కడుపులోకెళ్తే ఎంత ప్రమాదమో చెప్పడానికండీ. చేప సంగతి రంగులో లేదు. ఇదిగో, ఇక్కడుంది. చేపలకి హాని, చెరువుల్లో కుంటల్లో కలవనివ్వకూడదని."

"మనిషికే పెద్దగా ఏటీ కానిది చేపకేటవుద్ది?"

"చేప దాన్లోనే ఊపిరి పీలుస్తాది. మనం అందులో ఉండం కదా."

భయ్యా మా తెలుగు అర్థం కాక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. హిందీలో చెప్పాను. "అయితే చేపలకి ఏమీ కానిది ఇవ్వండి" అని కొట్టాయన్ని అడిగాడు. అలాంటిది తన దగ్గర లేదన్నాడు కొట్టాయన. ఎరుపూ పసుపూ ఇంకా చెడ్డవి, నీలం మాహూకి కాదు. చివరికి పచ్చ గుర్తు సీసాయే సంచిలోకెళ్ళింది.

ఆ సాయంత్రం డబ్రీ గట్టు మీద నలుగురం కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. కుంటని ఆనుకున్న కింది మడికి మందు కొట్టకూడదు. అక్కడ పంట పోతే పోనీ. దానికీ పై మళ్ళకీ మధ్య గట్టు ఎత్తు చెయ్యాలి. మడవలన్నీ మట్టితో, గోనెసంచులతో మూసెయ్యాలి. బహినీ మోకాళ్ళు కౌగిలించుకుని నీళ్ళకేసి చూస్తూ విన్నది. చేపలు అప్పటికి అరచెయ్యి దాటాయి. ఆవిడ తవుడు విసిరితే నీళ్ళు కుతకుతలాడేవి.

"ధాన్ ఏడాదంతా తినాలి. చేపలు ఒక్క పూట. అంత తెలీనిదాన్ని కాదు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "దీదీ, నువ్వు చదివావు కదా. నా చేపలకేం కాదు కదా?"

"నీళ్ళు అటు వెళ్ళకపోతే ఏం కాదు" అన్నాను.

ఆవిడ తల ఊపింది. ఆ మాట నిజమే. ఇప్పుడైనా అదే చెబుతాను. కానీ ఆవిడ వినాలనుకున్నది 'ఏం కాదు' అన్న ముక్క ఒక్కటే. ఆ ముందున్నది ఆవిడ చెవిన పడలేదు.

మందు కొట్టడానికి పంపు దొరికిన రోజుకి ముందు సాయంత్రం, మా చెల్లెలు విజయనగరం నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, ఇక్కడ గాలి మొదలైపోనాది. రేపు మాపట్లో తుఫాను ఒడ్డెక్కుతాదంటన్నారు. కరెంటు పీకీసినారు. ఫోన్ చార్జింగు అయిపోతే కంగారు పడకు."

ఫోన్ పెట్టేసి మా ఆయనతో అన్నాను. "అక్కడ ఒడ్డెక్కిన తుఫాను మన మీదకి రాకుండా ఉంటాదా? రెండ్రోజులు ఆగమందామా?"

"ఎక్కడి విజీనారం, ఎక్కడి భిలాయి? కొండలన్నీ దాటొచ్చేసరికి దానికి ఊపిరుంటాదేటి?" అన్నాడు. అని కూడా భయ్యాకి ఫోన్ చేశాడు. భయ్యా ఒకటే చెప్పాడు. పంపు ఊరంతటికీ ఒకటే ఖాళీగా ఉంది, రేపు తప్పితే మళ్ళీ వారానికి గానీ దొరకదు, వారానికి కొట్టడానికి పొలం ఉండదు. ఆయన లెక్క తప్పని నేననలేను.

మర్నాడు పొద్దున్న ఆకాశం కడిగిన గాజులా ఉంది. మా ఆయన ప్లాంటులో వాడిన కళ్ళద్దాలూ, దుమ్ము మాస్కూ, తోలు చేతితొడుగులూ తెచ్చాడు. సేఫ్టీ లేకుండా పని మొదలెట్టడం ఆయనకి చేతకాదు. దుమ్ము ఆపే గుడ్డ మందు ఆవిరిని ఆపదని నేను గొణిగాను గానీ, ఏదీ లేనిదానికంటే నయమని ఊరుకున్నాను. భయ్యా అవన్నీ తగిలించుకుంటే బహినీ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"అమ్మో, ప్లాంట్ సాహెబ్ వచ్చాడు. జీతం ఎప్పుడిస్తావు?"

"ముందు క్వార్టర్ దొరకనీ" అన్నాడు భయ్యా అద్దాల్లోంచి.

కాసేపటికే చెమటకి అద్దాలు మసకబారి తీసి గట్టున పెట్టేశాడు. మాస్కూ అంతే. మధ్యాహ్నానికి పని అయిపోయింది. కింది మడి ముట్టుకోలేదు. మడవలు గట్టిగా ఉన్నాయో లేదో బహినీ కాలితో తొక్కి తొక్కి చూసింది.

వాన ఆ మర్నాడు పొద్దున్న మొదలైంది. మొదట తుంపరే. టీ గ్లాసు పట్టుకుని మా ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తర్వాత క్వార్టర్ వెనక సజ్జా మీద నీళ్ళు గుప్పిళ్ళతో కొట్టినట్టు పడ్డం మొదలెట్టాయి. మా చెల్లెలి ఊళ్ళో చెట్లు కూల్చిన వాన మా పెరట్లో కరివేపాకు చెట్టుని వంచుతోంది. పొలానికి బయల్దేరాం. నది దాటాక ఊరి దారిలో వాగు మీద రపటా ఉంటుంది, నేలకి కాస్త ఎత్తులో వేసిన చిన్న వంతెన. దాని మీంచి నీళ్ళు పారుతున్నాయి. ఇటు ఒడ్డున స్కూటర్ ఆపి ఫోన్ చేశాం.

బహినీ ఎత్తింది. వాన చప్పుడులో ఆవిడ మాట తెగి తెగి వచ్చింది. పై పొలాలవాళ్ళు తమ పంట మునగకుండా గట్లు తెంచేశారు. అవన్నీ ఒక్కసారిగా మా మళ్ళ మీదకి దిగాయి. భయ్యా, తనూ సంచులు అదిమి పట్టుకుని నిలబడ్డారు. చివరికి కొత్తగా ఎత్తిన గట్టే జారిపోయింది.

"నీళ్ళు అటెళ్ళాయి దీదీ" అంది.

రపటా మీద నీళ్ళు తగ్గాక వెళ్ళాం. గట్టు ఎక్కకముందే ఎండ్రకాయలు కనిపించాయి. నీళ్ళలో ఉండాల్సినవి బురద గట్టు మీదకి పాకి వచ్చి అక్కడక్కడే పడి ఉన్నాయి. డబ్రీ మీద తెల్లగా తేలుతున్నవి చూసి ముందు తామర రేకులేమో అనుకున్నాను. మా డబ్రీలో తామర లేదు. అరచెయ్యి పొడుగు చేపలు వెల్లకిలా తేలి, గాలికి ఒక మూలకి చేరాయి. ఇంకా ప్రాణమున్నవి కొన్ని నోళ్ళు పైకి తెరిచి నీళ్ళంచున తిరుగుతున్నాయి. కప్పల చప్పుడు లేదు.

ఊరివాళ్ళు కొంతమంది బుట్టలతో వచ్చారు. బహినీ నీళ్ళకీ వాళ్ళకీ మధ్య కూర్చుని ఉంది. ఒక ముసలాయన, ఆవిడకి వరసకి కాకా, అంటే చిన్నాన్న, నచ్చజెప్తున్నాడు.

"తాజావే కదమ్మా. పేగులు తీసి, పసుపేసి, బాగా కడిగి వండితే ఏమవుతుంది? కుళ్ళబెట్టుకుంటావా?"

బహినీ నన్ను చూసి లేచింది. "దీదీ వచ్చింది, ఆగండి. దీదీ, నీ కితాబ్‌లో ఏముంది? తినొచ్చా?"

అందరూ నా వైపు తిరిగారు. అంతమంది నా చదువు కోసం ఎదురు చూడ్డం నా జీవితంలో అదే మొదలు. కాగితంలో ఉన్నది గుర్తు చేసుకున్నాను. నీళ్ళలో కలవనివ్వకూడదని ఉంది. కలిస్తే ఆ చేపని ఏం చెయ్యాలో లేదు.

"వద్దు" అన్నాను.

"తింటే చచ్చిపోతారా?"

"తెలీదు."

"మరెందుకు వద్దంటున్నావు?"

"తెలీదు కాబట్టే."

కాకా నవ్వాడు. "తెలీనిదానికి ఇంత చదువెందుకమ్మా?"

బహినీ మాత్రం నవ్వలేదు. భయ్యాని గడ్డపార తెమ్మంది. డబ్రీకి దూరంగా, దారి పక్కన మెరకలో గొయ్యి తవ్వారు. చేపల్ని ఆవిడే వలతో తీసింది. ప్రాణమున్నవాటిని వెయ్యడానికి భయ్యా బిందెతో బోరింగు నీళ్ళు తెచ్చాడు. అవి కూడా సాయంత్రానికి పోయాయి. మేం చూడనప్పుడు కాకా నాలుగు చేపలు బుట్టలో వేసుకెళ్ళాడని తర్వాత తెలిసింది. ఇంటిల్లిపాదీ తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదంటే నాకు సంతోషం కలగాలి. అదేమిటో, ఆ సంగతి విన్నప్పట్నుంచీ నా మనసు ఇంకా కుదురుగా లేదు. ఈ రోజు ఏమీ కానిది రేపు కూడా కానట్టేనా?

చంపింది మా సీసాయేనా అన్నది కూడా నాకిప్పటికీ తెలీదు. పై పొలాల నీళ్ళు కూడా వచ్చాయి. వాళ్ళు ఏమేం కలిపి కొట్టారో, ఎప్పుడు కొట్టారో ఎవరికీ గుర్తులేదు. మా గట్టు లోపల మేం ఎంత జాగ్రత్తపడినా, నీళ్ళకి గట్టు లేదు. నా అడుగు అర పుస్తకాల్లో ఒక్కో పొలం బొమ్మ గీసి ఉండేది, చుట్టూ తెల్లకాగితం. పక్క పొలం బొమ్మలో ఉండేది కాదు.

తిరుగు దారిలో మా ఆయన స్కూటర్ నెమ్మదిగా నడిపాడు. దుర్గ్ దాటాక అన్నాడు.

"ప్లాంటులో పచ్చ ఇచ్చీవోడు ముందు లైనంతా సూసుకుని ఇస్తాడే. పట్టా మీద మనిషున్నాడా, బండుందా అని. ఈ సీసా మీద పచ్చ ఏసినోడు మన డబ్రీ సూడ్నేదు."

నేను వెనక కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

మాహూ పోయింది. పంట నిలబడింది. కోతలు మొదలయ్యే ముందు బహినీ కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఛట్ఠీ రోజు పొద్దున్నే మా ఆయన నన్నడగకుండా పవర్ హౌస్ బజారుకి వెళ్ళి, ఐసు పెట్టెల్లోంచి పెద్ద పెద్ద శీలావతి చేపలు తీసుకొచ్చాడు. అక్కడ అమ్మేవాడు "ఆంధ్రా మాల్, సార్, మీ ఊరివే" అన్నాడట. వాటిని చిన్న పెట్టెలో సర్ది స్కూటర్ ముందు పెట్టుకుని వెళ్ళాం.

బహినీ పెట్టె మూత తీసి చూసింది. "ఎక్కడివి?"

"మా ఆంధ్రావి."

"ఏ కుంటవి?"

"ఏమో" అన్నాను.

"ఆ కుంట పక్కన ఎవరి పొలముందో?"

అది ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఒక చేపని ఎత్తి, మొప్ప విప్పి, వాసన చూసి, కత్తిపీట ముందేసుకుంది. బయట వియ్యంకుల బండి ఆగిన చప్పుడు వినిపించింది. ఇంక ఆలోచించుకునే టైము లేదు.

ఆవాలు నూరి, మామిడి ఒరుగు వేసి వండింది. పంక్తిలో వియ్యపురాలు నా పక్కన కూర్చుంది. దిట్టమైన మనిషి, ముంజేతుల నిండా వెండి. మొదటి ముద్దకి తల ఊపింది. రెండో ముక్క అడిగి వేయించుకుంది. మూడో ముక్కకి అంది.

"సొంత నీళ్ళలో పెరిగిన చేప రుచే వేరు. బజారువి గడ్డిలా ఉంటాయి. నీ డబ్రీలోవేనా సమధిన్?"

బహినీ కూరగిన్నె పట్టుకుని నిలబడిపోయింది. నన్ను చూసింది. నేను నా పళ్ళెంలోకి చూశాను. ఎదురు వరసలో కాకా ముద్ద మింగి నోరు తెరిచాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, వచ్చినవాళ్ళకే తెలీదు. బహినీ రెండడుగులు వేసి ఆయన పళ్ళెంలో పెద్ద తలకాయ ముక్క పడేసింది.

"తిను కాకా, చల్లారిపోతుంది."

కాకా నోరు మూసుకుని తల చీకడం మొదలెట్టాడు. వియ్యపురాలు నాలుగో ముక్కకి చెయ్యి అడ్డం పెట్టింది. బహినీ అన్నేళ్ళుగా కోరుకున్నది అదే. పళ్ళెం తీస్తున్నప్పుడు ఆవిడ మొహంలో ఏదో కనిపిస్తుందని చూశాను. గబగబా పని చేసుకునే మనిషి మొహమే తప్ప అందులో ఇంకేమీ లేదు.

అందరూ వెళ్ళాక గిన్నెలు తోమడానికి బోరింగు దగ్గర కూర్చుంది. ఇదివరకు డబ్రీ దగ్గరే తోమేది. నేను పక్కన కూర్చుని కడిగినవి బోర్లిస్తుంటే అడిగింది.

"మళ్ళీ పిల్లల్ని ఎప్పుడు వెయ్యొచ్చు దీదీ? నీళ్ళు ఎప్పటికి బాగవుతాయి?"

"కనుక్కుని చెబుతాను."

"నువ్వు చెప్పేదాకా వెయ్యను" అంది. ఈసారి ఆవిడ నా మాట మొత్తం వింటోందని నాకర్థమైంది. అందుకే ఇంకా భయం వేసింది.

అప్పట్నుంచీ వెతుకుతున్నాను. తెలుగు లైబ్రరీ అడుగు అర మళ్ళీ మొదట్నుంచి తిరగేశాను. హిందీ లైబ్రరీలో దొరికినంత చదివాను. ఎంత కొట్టాలో ఉంది, ఎప్పుడు కొట్టాలో ఉంది. ఒక చిన్న కుంటలోంచి అది ఎన్నాళ్ళకి పోతుందో, అడుగు బురదలో దాక్కుంటుందో లేదో, మా డబ్రీకి వర్తించేలా ఎక్కడా లేదు. మందుల కొట్టాయన్ని అడిగితే, "ఒక మంచి వాన పడితే పోతుంది మేడమ్" అన్నాడు. దాన్ని డబ్రీలోకి తెచ్చింది కూడా మంచి వానే. మా వాటా ధాన్యం మర పట్టించి బస్తాలు వెనక గదిలో పెట్టుకున్నాం. అప్పట్నుంచీ ఆ బియ్యమే వండుతున్నాను. కడిగిన ప్రతిసారీ ఇదివరకటి కంటే ఇంకోసారి ఎక్కువ కడుగుతున్నాను.

ఈ ఏడు మళ్ళీ హరేలీ వచ్చింది. భయ్యా భేల్వా కొమ్మలు గుచ్చాడు. చుట్టుపక్కల కుంటలున్నవాళ్ళంతా చేపపిల్లల్ని వేసుకున్నారు. బహినీ వెయ్యలేదు. మనవరాలిని చంకనేసుకుని గట్టు మీదకి వచ్చింది. నేను నీళ్ళంచున వంగి చూస్తున్నాను. నీటి మీద కాళ్ళు చాపుకుని పరుగెత్తే సన్నటి పురుగులు కొన్ని కనిపించాయి. కిందటి వానల తర్వాత వాటిని నేను చూడలేదు. బహినీకి చూపించాను.

"ఇవి వచ్చాయంటే చేపలు బతుకుతాయని పుస్తకంలో ఉందా?"

ఉందని చెప్పాలని ఎంతో అనిపించింది.

"లేదు" అన్నాను.

"అయితే ఇంకా వెతుకు దీదీ" అంది. పిల్ల నీళ్ళకేసి చెయ్యి చాస్తుంటే, ఆ చెయ్యి వెనక్కి మడిచి, ఇంకో చేత్తో ఖాళీ బిందె ఎత్తుకుని బోరింగు వైపు నడిచింది.